తడి గోనె కప్పిన పన్నెండు రోజులు

జర ఇటు జరగండి. చాప మీద ఇంకా చోటుంది. గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ముందుకు రండి, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. చేతుల్లో పనుంటే చేసుకుంటూనే వినండి, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ కూడా వినొచ్చు. చెవులు మాత్రం నాకివ్వండి.

వాతావరణం పనిలో కొత్తగా చేరిన మీలాంటి పిల్లల కోసమే ఇది చెప్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం ఎక్కడ ఆగింది అన్న ముచ్చట్లు ఇందులో ఉండవు. ఒక్క ఎండాకాలంలో నేను చేసిన ఒక్క తప్పు గురించి, ఆ తప్పును నలుగురిలో నిలబడి దిద్దుకోవడం గురించి చెప్తాను. మిగతా పని మీకు ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు.

ఏం పని నాది

నా పేరు యాదమ్మ. నాలుగో తరగతి దాటి చదవలేదు. జనగామ పక్కన ఒక సర్కారు వ్యవసాయ క్షేత్రంలో ముప్పై ఏళ్లు ఎండను కొలిచాను. కాగితం మీద నేను అటెండరును. ఊడ్చేదాన్ని, తాళాలు తీసేదాన్ని, చాయ్ పెట్టేదాన్ని. అసలు పని మాత్రం పొద్దున ఏడింటికోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి ఉండేది.

పొలం మధ్యలో కంచె కట్టిన చిన్న జాగాలో నాలుగు కాళ్ల మీద తెల్ల చెక్కపెట్టె ఒకటి నిలబడి ఉంటుంది. దాని గోడలు కిటికీ రెక్కల్లా వాలు పలకలు. గాలి ఆడుతుంది, ఎండ లోపలికి రాదు. లోపల గాజు గొట్టాలుంటాయి. నిలబడి ఉన్న గొట్టం ఆ క్షణం ఎంత వేడి ఉందో చెబుతుంది. పక్కన అడ్డంగా పడుకున్న గొట్టం ఆ రోజంతటిలో ఎక్కువ వేడి ఎంత దాకా పోయిందో పట్టి ఉంచుతుంది; రోజూ దాన్ని చేత్తో విదిలించి పాదరసం కిందికి దించాలి. రెండూ చూసి, రిజిస్టర్‌లో రాసి, వరంగల్ ఆఫీసుకు ఫోన్లో చెప్పాలి. అంతే.

అంతే అంటే అంతే కాదు. నన్ను పనిలో పెట్టిన మొదటి పెద్దసారు నెల రోజుల పాటు నాతో ఒక్క అంకె కూడా రాయించలేదు. ముక్కాలి పీట వేయించి దాని మీద నిలబెట్టేవారు, నేను పొట్టిదాన్ని కదా. కన్ను పాదరసానికి సరిగ్గా సమానంగా ఉండాలనేవారు. పై నుంచి చూస్తే ఒక అంకె, కింది నుంచి చూస్తే ఇంకో అంకె కనబడుతుంది. నేను చెప్పిన అంకె సరిగ్గా ఉన్నా మళ్లీ చూడమనేవారు. కోపం వచ్చేది. తర్వాత అర్థమైంది, ఆయన నేర్పింది చదవడం కాదు, నేననుకున్నదాన్ని పక్కనపెట్టి గాజులో ఉన్నదాన్ని చూడటం. ఈ పనిలో అంతకంటే పెద్ద పాఠం లేదు. నేను అదే పాఠం తప్పాను.

పగిలిన గొట్టం

ఈ తప్పుకు కొన్నేళ్ల ముందు, ఒక మే నెలలో అడ్డంగా పడుకునే గొట్టం పగిలింది. మధ్యాహ్నం పెట్టె తెరిచేసరికి గాజుకు సన్నని వెంట్రుక లాంటి చీలిక, పాదరసం పూసలు పూసలుగా పలక మీద ఉంది. కొత్తది రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఎవరైనా రైతు గేటు దగ్గర ఆగి ఇవాళ ఎండ ఎంత దాకా పోయిందక్కా అంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రిజిస్టర్ తెరిస్తే ఆ గొట్టం వరుసంతా ఖాళీ గళ్లు. ఇంట్లో పసిపిల్ల జ్వరం మీద ఉంటే చెయ్యి వేసి చూడలేనట్టు అనిపించింది నాకు.

అది ఎండ వేడికే పగిలిందని నేను గట్టిగా నమ్మాను. ఎవరినీ అడగలేదు. మంట మీద పెట్టిన గాజు గ్లాసు పగలదా, ఇదీ అట్లాగే పగిలిందనుకున్నాను. కొత్త గొట్టం వచ్చిన రోజు దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఇంక దీన్ని పగలనివ్వనని మనసులో గట్టిగా అనుకున్నాను. ఆ పట్టుదలే నన్ను ముంచింది.

మూడు ఊళ్ల ఫోన్లు

నా కథ జరిగినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లాలో ఉండేవి. మూడు చోట్లా మూడు తెల్ల పెట్టెలు, ముగ్గురం చూసేవాళ్లం. మహబూబాబాద్‌లో భీమ్లా ఉండేవాడు. తండా పిల్లగాడు, ఇంట్లో వాళ్ల భాష, ఫోన్లో మన భాష, రెండింట్లోనూ వెక్కిరింతే. భూపాలపల్లిలో సమ్మయ్యన్న. మాట తక్కువ, చూపు ఎక్కువ.

మా ముగ్గురి అంకెలూ వరంగల్‌లో మూర్తి సారు దగ్గరికి చేరేవి. సారుది గుంటూరు దిక్కు. ఎండాకాలం మొదట్లో ఈసారి ఎండలు ఎట్లా ఉంటాయో అంచనా రాసి పంపేది ఆయనే. ఆ ఏడు మామూలు కంటే ఎక్కువ ఉంటాయని, మే నెల చివర వడగాడ్పులు వస్తాయని రాశారు. నేను దాన్ని గేటు దగ్గర బోర్డుకు అంటించాను. చదివినవాళ్లు చదివి పోయారు. మామూలు కంటే ఎక్కువ అంటే మనిషి ఏం చేయాలి? బర్రెను ఎప్పుడు ఇంటికి తోలుకోవాలి, కూలికి ఎప్పుడు పోవాలి? ఇప్పటి అంచనాలు చదివినా నాకు అదే అనిపిస్తుంది. ఏ ఊరు, ఏ రోజు, ఎన్ని గంటలకు అని చెప్పకపోతే జనం దాన్ని గోడ మీద బొమ్మలాగే చూస్తారు.

వేడి గాలికి ఒక దారి ఉంటుంది. మహారాష్ట్ర దిక్కు నుంచి గోదావరి దాటి ముందు భూపాలపల్లిలో దిగుతుంది. రెండు రోజులకు మా దగ్గరికి వస్తుంది. అందుకని సమ్మయ్యన్న ఇవాళ చెప్పిన అంకె, ఎల్లుండి నేను చూడబోయే అంకెకు దగ్గరగా ఉండేది. ఇది ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు, ఏళ్ల తరబడి ఫోన్లో వినీ వినీ తెలిసింది.

గోనెపట్ట

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. రాస్తారోకోలు, బందులు, బస్సులు ఒకరోజు తిరిగితే మూడు రోజులు డిపోలో ఉండేవి. మామూలుగా వారానికోసారి వచ్చి పెట్టె తెరిచి చూసే మూర్తి సారుకు రావడం కుదరలేదు. క్షేత్రంలో మిగతావాళ్లూ పలచబడ్డారు. పెట్టె దగ్గర నేనొక్కదాన్నే.

మే మూడో వారం ఎండ ముదిరింది. పెట్టె తలుపు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. నాకు వెంటనే పాత చీలిక గుర్తొచ్చింది. ఇంట్లో నీళ్ల కుండ ఎండకు వేడెక్కకుండా మనమేం చేస్తాం? తడిబట్ట చుడతాం. నేనూ అదే చేశాను. ఎరువుల గదిలో నుంచి పాత గోనెపట్ట తెచ్చి, బకెట్లో ముంచి, పెట్టె మీద కప్పాను. పదింటికి కప్పేదాన్ని, ఎండితే మళ్లీ తడిపేదాన్ని, రెండింటికి అంకె చూసుకుని మళ్లీ కప్పి, పొద్దు వాలాక తీసేదాన్ని.

నవ్వండి, ఫర్వాలేదు. కొలిచేదాన్నే చల్లబరిచి, వేడి ఎంత ఉందని కొలిచాను. అంకె మూడు నాలుగు డిగ్రీలు తగ్గింది. తగ్గినందుకు నాకు అనుమానం రాలేదు, సంతోషం వేసింది. గొట్టం క్షేమంగా ఉందనుకున్నాను. పైగా మా జనగామ దిక్కు ఈసారి దేవుడు కనికరించాడనుకున్నాను. మొదటి పెద్దసారు పీట మీద నిలబెట్టి నేర్పిందేమిటి, నేను చేసిందేమిటి?

మూర్తి సారు మా అంకెలు నమ్మి, ఆ వారం కాగితంలో మిగతా రెండు చోట్లా తీవ్రం, జనగామ వైపు కొంత తక్కువ అని రాశారు. నేను దాన్నీ బోర్డుకు అంటించాను.

నర్సమ్మ అడిగిన మాట

మా ఆడబిడ్డ నర్సమ్మ లింగాల ఘనపూర్ దగ్గరి పల్లెలో ఉంటుంది. మా ఆయనకు అక్క. ఉద్యమంలో ఆడవాళ్లందరికీ ఆమే ముందు. తొమ్మిదూళ్ల వాళ్లు కలిసి జనగామ పోయే రోడ్డు మీద వంటావార్పు పెట్టాలనుకున్నారు. మీలో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు, వంటావార్పు అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండి పోకుండా కూర్చోవడం. కొట్లాట లేదు, రాయి లేదు. అన్నం వండుకుంటున్న మనిషిని ఎవరు లేపుతారు?

ఆ ఊళ్ల కమిటీకి సత్తిరెడ్డి పటేలు పెద్ద. భూములున్న ఇల్లు, రాజకీయం తెలిసిన మనిషి. పొయ్యిలు సరిగ్గా పన్నెండింటికి వెలగాలని ఆయన పట్టు. మిట్టమధ్యాహ్నం మంట ముందు కూర్చుంటేనే మన మంట పైవాళ్లకు తెలుస్తుందని ఆయన మాట. నాలుగింటి దాకా లేవొద్దన్నారు. గురువారం అని దినం పెట్టారు.

నర్సమ్మకు ఒక్కటే బుగులు. వచ్చేవాళ్లలో ముసలివాళ్లున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. అందుకే ఆదివారం నా దగ్గరికి వచ్చింది. ఎండను చూసే పని నీదే కదా, ఏమన్నా అవుతుందా అని అడిగింది. నేను రిజిస్టర్ తీసి చూపించాను. భూపాలపల్లిలో, మానుకోటలో మండిపోతోందనీ, మన దిక్కు మాత్రం ఏం భయం లేదనీ చెప్పాను. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఆమె ఆ మాట పట్టుకుని తొమ్మిదూళ్లూ తిరిగింది.

భీమ్లా ఎగతాళి

సోమవారం అంకె చెప్పుకునే వేళ భీమ్లా ఫోన్లో అన్నాడు.

"యాదక్కా, మీ జనగామల మంచు గిట్ల పడ్తున్నదా ఏంది? మా తండల మేకలు నీడ ఇడిచి వస్తలెవ్వు. నీ అంకె జూస్తే మాత్రం స్వెటర్ ఏసుకొని రావాలె అనిపిస్తున్నది. చుట్టం తీరుగ వస్త, నాలుగొద్దులు ఉంచుకో."

నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు ఆగిపోయింది. మా జనగామ మెట్టనేల, నీళ్లు లేని నేల. ఇన్నేళ్లలో మానుకోట కంటే అంత చల్లగా మేం ఎప్పుడున్నాం? కిటికీలోంచి చూస్తే పెట్టె మీద నల్లగా గోనెపట్ట కనబడింది. దాని కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి.

మంగళవారం గోనె కప్పలేదు. రెండింటికి పీట ఎక్కి చూస్తే పాదరసం నిన్నటి కంటే నాలుగు గీతలు పైన ఉంది. తప్పు చూశానేమోనని దిగి మళ్లీ ఎక్కాను. అదే అంకె. ఒక్క రోజులో ఎండ అంత పెరగదు. అంకెను పెంచింది ఎండ కాదు, నేను తీసేసిన గోనె. లోపలికి పోయి రిజిస్టర్‌లో గోనె కప్పిన రోజులు వెనక్కి లెక్కపెట్టాను.

అప్పుడే సమ్మయ్యన్న ఫోన్ వచ్చింది. ఆయన ఎప్పుడూ అంకె చెప్పి పెట్టేసేవాడు. ఆ రోజు ఇంకా మాట్లాడాడు.

"గోదారి అవతలి గాలి దిగింది యాదమ్మా. టేకుమట్ల బస్సుల కిటికీ కమ్మి పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కింది. చెల్పూరు కరెంటు ప్లాంటు కాడ పనోళ్లను పదింటికే ఇండ్లకు తోలిచ్చిన్రు. ఇసొంటిది నేను జూడలే. ఎల్లుండి మీ దిక్కుకు వస్తది. జర పైలం."

ఎల్లుండి అంటే గురువారం.

సారుతో చెప్పడం

తప్పు తెలిసిన గడియలో ముందు మన మెదడు ఏం చేస్తుందో చెప్తాను వినండి, మీకూ ఒకరోజు వస్తుంది. అది దాచుకునే దారులు వెతుకుతుంది. రేపటి నుంచి సరిగ్గా రాస్తే ఎవరికి తెలుస్తుంది? నిజంగానే ఎవరికీ తెలియదు. కానీ నర్సమ్మ చేతిలో నా పాత అంకె ఉంది, దాన్ని పట్టుకుని ఆమె గురువారం మంట ముందు కూర్చోబోతోంది.

సారుకు ఫోన్ చేశాను. గోనె సంగతి మొదటి నుంచి చెప్పాను. 

"ఎన్ని రోజులు కప్పావమ్మా?"

"పన్నెండొద్దులు సార్."

"గాజు ఎండకి పగలదమ్మా. ఆ గొట్టం ఇంతకంటే ఎక్కువ వేడినీ తట్టుకుంటుంది. అప్పుడెప్పుడో పగిలింది కూడా విదిలించేటప్పుడు తలుపుకి తగిలే అయ్యుంటుంది. నన్ను ఒక్క మాట అడగాల్సింది."

అడగాల్సింది. ముప్పై ఏళ్ల పనిలో నన్ను కుదిపిన మాట అదే. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు.

ఆ పన్నెండు రోజులూ కొట్టేయాలన్నారు. ఊహించి ఏవో కలిపి సరిచేయడం కుదరదన్నారు. కారణం దగ్గర పరికరం లోపం అని రాసుకో, నీ పేరు అక్కర్లేదు అని కూడా అన్నారు. మంచి మనిషి, నా ఉద్యోగం గురించి ఆలోచించారు. నేను ఒప్పుకోలేదు.

"పరికరం తప్పు చెయ్యలె సార్. గోనె కప్పింది నేను. గట్లనే రాస్త."

ఎర్ర సిరాతో అట్లాగే రాశాను. నా చేతిరాత బాగుండదు, ఆ గీత మాత్రం నిటారుగా వచ్చింది. అది నిర్ణయించుకోవడమే కష్టమైంది కానీ, రాయడానికి రెండు నిమిషాలే పట్టింది.

సారు వెంటనే కొత్త హెచ్చరిక రాశారు. గురువారం జనగామ వైపు తీవ్రమైన వడగాడ్పులు, పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ బయట ఉండొద్దని. అది మండలాఫీసుకు పోయింది, బుధవారం పొద్దునే ఊళ్లలో డప్పు చాటింపు వేయించారు. నా గుండె కొంచెం కుదుటపడింది. తొందరపడ్డాను.

ఎవరూ నమ్మలేదు

చాటింపు విని ఊళ్లు నవ్వాయి. ఫోన్లో ఎవరో చెప్తే బుధవారం తొమ్మిదింటికల్లా ఆటో పట్టుకుని నర్సమ్మ ఊరికి పోయాను. బడి వరండాలో కమిటీ కూర్చుని ఉంది. కర్రలు, బియ్యం, వండే బగోనలు ఎవరు తేవాలో మాట్లాడుకుంటున్నారు. నేను హెచ్చరిక మాట ఎత్తగానే సత్తిరెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిన్నటి దాక జనగామ దిక్కు సల్లగున్నదని మీ ఆఫీసు కాగితమే చెప్పింది. మనం దినం పెట్టంగనే ఎండ దిగిందా? గిది ఎండ కాదు, మనను రోడ్డెక్కకుంట చేసే ఎత్తు. రాసింది ఎవరో నాకెరుకే, మీ గుంటూరు సారు."

వరండా అంతా అవునంది. వాళ్లను తప్పు పట్టలేను. నేను వాళ్ల జాగాలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఎన్నో మాటలు విని మోసపోయిన జనం, సర్కారు ముద్ర ఉన్న కాగితాన్ని ఎందుకు నమ్మాలి? వాళ్ల చేతికి ఆ అనుమానాన్ని ఇచ్చింది కూడా నా అంకెలే.

నర్సమ్మ లేచి నా ముందుకు వచ్చింది.

"ఏం గాదు పోండ్రి అన్నది నువ్వే గదనే. నీ మాట మోసుకొని తొమ్మిదూళ్లు తిరిగిన. ఇయ్యాల వచ్చి గిట్లంటే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"నా మొఖమే పెట్టు వదినె," అన్నాను. "తప్పు నాది. పన్నెండొద్దులు పెట్టె మీద తడి గోనె కప్పిన. గందుకే అంకె తక్కువొచ్చింది. సారుది కాదు, సర్కారుది కాదు."

ఎవరో వెనక నుంచి, అటెండరమ్మకు సారు బాగానే నేర్పి పంపాడన్నారు. నవ్వులు. అక్కడ నా మాటకు విలువ లేదని తెలిసిపోయింది. నోటితో గెలిచే పని కాదది. పటేలునే పిలిచాను.

"పటేలా, నా మాట ఇడిచిపెట్టు. ఇయ్యాల రెండింటికి నువ్వే వచ్చి నీ కండ్లతోని జూడు. గోనె లేకుంట ఒకపారి, గోనె ఏసి ఒకపారి. నేను అబద్ధమాడితే రేపు మీ పొయ్యిల కాడికి నేనే మొదాలొచ్చి కూసుంట."

ఆయన, సరే రెండింటికి చూద్దామన్నాడు.

అరగంట

రెండింటికి ఏడుగురు వచ్చారు. పటేలు, నర్సమ్మ, ఇంకో ఐదుగురు. కంచె లోపల చెట్టు ఉండదు, ఉండకూడదు. పటేలును పీట మీదికి ఎక్కించి, కన్ను సమానంగా ఎట్లా పెట్టాలో చెప్పాను. నిలువు గొట్టంలో అంకె ఆయనే చదివాడు, గట్టిగా, అందరికీ వినబడేట్టు. తర్వాత నేను గోనె తడిపి పెట్టె మీద కప్పాను. అరగంట ఆగాలన్నాను.

ఆ అరగంట ఎండే మాట్లాడింది. మొదటి ఐదు నిమిషాలు వాళ్లు ముచ్చట పెట్టుకున్నారు. తర్వాత తువ్వాళ్లు నెత్తి మీదికి వచ్చాయి. ఒకాయన ఫోన్ వచ్చిందని ఆఫీసు వరండాలోకి పోయాడు, ఫోన్ మోగిన చప్పుడు నాకైతే వినబడలేదు. ఇంకొకాయన మంచినీళ్లని పోయాడు. పావుగంటకు పటేలు కూడా ఏదో ఆలోచిస్తున్నట్టు నడుచుకుంటూ ఆఫీసు గోడ నీడలోకి జరిగాడు. నర్సమ్మ కదలలేదు. నా పక్కనే నిలబడింది. ఆమె పెదవులు ఎండిపోవడం చూశాను.

అరగంటకు పటేలును మళ్లీ పీట ఎక్కించాను. పాదరసం మూడున్నర గీతలు దిగింది. ఆయన చాలాసేపు చూశాడు. గోనె తీసి చూశాడు, చేత్తో పిండి చూశాడు. దిగి, చెమట తుడుచుకున్నాడు.

"అంకె సంగతి నిజమే," అన్నాడు. "కానీ యాదమ్మా, ఎనుకకు పోతే భయపడ్డరంటరు. ఇంతమందిని కూడేసి ఇప్పుడు వద్దంటే మల్లొకసారి ఎవడొస్తడు?"

ఆయన బాధ కూడా నిజమే.  జవాబు నర్సమ్మ చెప్పింది.

"అరగంట సేపు గీడ నిలవడలేక గోడ సందుకు పోతిరి. రేపు నాలుగ్గంటలు, మంట ముంగట, చంకల పిల్లతోని ఆడివిల్ల కూసుంటదా? వద్దు అంటలేను పటేలా. రోడ్డు బందు వెట్టుడే. కానీ పొయ్యి ముట్టిచ్చేది మేము. పొద్దు పొడవంగనే ముట్టిస్తం, తొమ్మిదిన్నరకు ఆర్పుతం. భయపడ్డరని ఎవడన్నా అంటే నాతోని మాట్లాడుమను."

పటేలు సరే అనక తప్పలేదు. వండేవాళ్లు లేకుండా వంటావార్పు ఎట్లా అవుతుంది?

ఆ సాయంత్రమే నర్సమ్మ మళ్లీ తొమ్మిదూళ్లకు కబురు పంపింది. ఈసారి హెచ్చరిక చెప్పింది మండలాఫీసు కాదు. మా ఆడబిడ్డ చెప్పింది, మా మాటల్లో చెప్పింది. పదింటి తర్వాత గడప దాటొద్దు, ముసలోళ్లకు గడియ గడియకు నీళ్లు తాపండి, నెత్తి తిరిగితే తడిబట్ట చుట్టి దవాఖానకు తీసుకపోండి. మూర్తి సారు రాసిందీ అదే. సారు తెలుగు తప్పని కాదు, దాని వెనక జనానికి తెలిసిన మొహం లేదు. మీరు రేపు ఎన్ని యంత్రాలు పెట్టుకున్నా, చివరికి ఆ మాటను గడప దాకా మోసే మనిషి ఎవరో ముందే వెతికి పెట్టుకోండి.

గురువారం

తెలతెలవారుతుండగా రోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. జై తెలంగాణ అంటూ ఊరూరి నుంచి జనం వచ్చారు. అన్నం, పప్పుచారు, పచ్చిపులుసు. బండ్లు రెండు దిక్కులా ఆగిపోయాయి. ఆగిన లారీ డ్రైవర్లకు కూడా విస్తర్లు వేశారు. ఎనిమిదింటికల్లా అందరూ తిన్నారు. నేను ఏడింటి అంకె చూసుకుని అటే పోయాను.

తొమ్మిదికి అసలు చిక్కు వచ్చింది. జీపులో ఒక అధికారి దిగి, ఎండ పెరుగుతోంది, ఇంక లేచి వెళ్లిపోండని మైకులో చెప్పాడు. ఆయన చెప్పింది మంచి మాటే. కానీ ఆయన చెప్పాడన్న ఒక్క కారణంతో, లేవబోతున్న మగవాళ్లంతా మళ్లీ కూర్చున్నారు. నువ్వు పొమ్మంటే పోతమా అని ఒకడు, సాయంత్రం దాకా ఉంటమని ఇంకొకడు. సత్తిరెడ్డి లేవమని సైగ చేసినా ఎవరూ చూడలేదు. ఎండ అప్పటికే వీపు మీద చెయ్యేసి నొక్కినట్టుంది.

నర్సమ్మ అధికారి వైపు చూడనే లేదు. బిందె ఎత్తి ముందున్న పొయ్యిలో నీళ్లు కుమ్మరించింది. బూడిద లేచింది. పక్కామె తన పొయ్యిలో పోసింది. వరుసగా పొయ్యిలన్నీ ఆరాయి. ఆడవాళ్లు బగోనలు, నీళ్ల బిందెలు నెత్తికెత్తుకుని పిల్లల్ని చంకనేసుకుని ఊళ్ల దారి పట్టారు. నర్సమ్మ పోతూ పోతూ ఒక్క మాట అంది.

"నీళ్లు మా ఎంబడి వస్తున్నయ్. దూప గానోళ్లు కూసోండ్రి."

మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ముసలివాళ్లు లేచారు. తర్వాత అందరూ లేచారు. పటేలు ఆఖరున లేచి, ఒక జై కొట్టించి, తువ్వాల నెత్తికి చుట్టుకుని నడిచాడు. భయపడ్డారని ఆ రోజు గానీ, తర్వాత గానీ ఎవరూ అనలేదు.

మధ్యాహ్నం రెండింటికి నేను పెట్టె తెరిచాను. గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు మొహానికి కొట్టింది. పీట ఎక్కి, కన్ను సమానంగా పెట్టి చూశాను. పాదరసం నా ఉద్యోగంలో ఎన్నడూ చూడనంత ఎత్తున ఉంది. దిగి, మళ్లీ ఎక్కి చూసి, ఉన్నది ఉన్నట్టు రాశాను. సారుకు చెప్తే, రోడ్డు మీద ఎంతమంది ఉన్నారమ్మా అని అడిగారు.

"ఒక్కలు లేరు సార్," అన్నాను.

ఆ వారం మా జిల్లాలో ఎండకు ప్రాణాలు పోయినవాళ్లున్నారు. పొలాల్లో, బస్టాండ్లలో పడిపోయారు. ఆ తొమ్మిదూళ్ల నుంచి ఒక్కరు కూడా లేరు. మూర్తి సారుకు బస్సు దొరికి వచ్చిన రోజు, నర్సమ్మ ఆయన్ని తన ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి మజ్జిగ పోసింది.

పిల్లలూ, ఈ పనిలో మీరు తప్పులు చేస్తారు. చెయ్యని మనిషిని నేను చూడలేదు. తెలిసిన రోజునే, ఆ తప్పు వల్ల నష్టపోయేవాళ్ల దగ్గరికి మీ కాళ్లతో మీరే నడిచిపోండి. ఫోన్లో కాదు, కాగితంలో కాదు. వాళ్లు తిడతారు. తిట్టనివ్వండి. మీరు మాత్రం అక్కడి నుంచి కదలొద్దు.

పొద్దెక్కింది, ఇంక లేవండి. మీ ఇండ్లలో కడవల నిండా నీళ్లుండాలి, మీ పెద్దవాళ్ల పెదవులు ఎండిపోవద్దు, మీ పిల్లల కాళ్లు కాలొద్దు. పనికి పోయిన ప్రతి మనిషీ ఎండ ముదరకముందే మీ గడప లోపలికి రావాలి. సల్లగ బతకండి బిడ్డా.